1990 పక్కన అపాస్ట్రఫీ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఏడో తరగతి ఇంగ్లీష్ పరీక్షలో ‘1990స్’ అని రాయాల్సిన చోట ఎస్ ముందు అపాస్ట్రఫీ (అక్షరం పక్కన పైన పెట్టే ’ గుర్తు) పెట్టినందుకు అర మార్కు తీసేశారని మన వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. ఆ పేపర్లు తెప్పించుకుని చూశాను. టీచర్ దిద్దింది సరిగ్గానే ఉంది, ఆ అర మార్కు కలపడం లేదు.

ఎందుకంటే 1990 తర్వాత అపాస్ట్రఫీ పెట్టి ఎస్ రాస్తే ఆ ఒక్క ఏడాదికి చెందినది అనే అర్థం వస్తుంది. 1990 నుంచి 1999 దాకా మొత్తం దశాబ్దం అనాలంటే అంకె పక్కన ఉత్త ఎస్ చాలు. 19 వదిలేసి 90స్ అని రాసినప్పుడు మాత్రం అపాస్ట్రఫీ 9కి ముందు వస్తుంది, రాయకుండా వదిలేసిన 19కి అది గుర్తు. ఒకప్పుడు కొన్ని పెద్ద ఇంగ్లీష్ పత్రికలు కూడా 1980 పక్కన అపాస్ట్రఫీ పెట్టే అచ్చేసేవి, కాబట్టి మీరలా నేర్చుకుని ఉంటే అందులో మీ తప్పేం లేదు. కానీ ఇప్పుడది మానేశారు, పిల్లలు ఇప్పటి పద్ధతే నేర్చుకోవాలి.

వయసు దగ్గర ఇంకా ఎక్కువ మార్కులు పోయాయి, దాని గురించి ఎవరూ అడగలేదు. ‘ద బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్’ అన్నప్పుడు ఇయర్స్ సరే. వయసు బాయ్‌కి ముందు వస్తే ‘ఎ టెన్-ఇయర్-ఓల్డ్ బాయ్’ అవుతుంది, ఎస్ పోయి మధ్యలో రెండు హైఫన్లు వస్తాయి. ‘ఐ యామ్ టెన్ ఇయర్స్’ అని ఆపేయకూడదు, ‘ఐ యామ్ టెన్’ అంటే సరిపోతుంది. పదకొండేళ్ల పాపని టీనేజర్ అనకండి, ఆ మాట 13 నుంచి 19 వరకే.

నా అసలు పట్టుదల పైకి పలకడం మీద. పిల్లలు చూసి రాస్తున్నారు కానీ నోరు తెరిచి చదవడం లేదు, అందుకే థర్టీన్, థర్టీ రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. థర్టీన్‌లో చివరి టీన్‌ని సాగదీసి ఒత్తాలి, థర్టీలో మొదటి థర్ మీద బరువు పడాలి. ఈ తేడా పలకకపోతే పదమూడేళ్ల పిల్ల ముప్పై ఏళ్ల మనిషైపోతుంది! 1905ని నైన్టీన్ ఓ ఫైవ్ అనాలి, 2010స్‌ని ట్వెంటీ టెన్స్ అనాలి. ఇవి చెవికి అలవాటు కావాలంటే రోజూ ఒక పేజీ గట్టిగా చదవాలి, వేరే దారి లేదు, ఏ యాప్ కూడా ఈ పని చేసిపెట్టదు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు వాళ్ల నానమ్మ గురించి రాస్తూ ‘షి ఈజ్ ఇన్ హర్ ఎయిటీస్, బట్ హర్ స్టోరీస్ ఆర్ ఫ్రమ్ ద 1950స్’ అని రాసింది, స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను. ఆరో తరగతి బాబు ఇంకా ఒక అడుగు ముందుకేశాడు. 90స్ ముందు ఫోన్ దానంతటదే పెట్టే గుర్తు తిరగబడి ఉంటుందని, అపాస్ట్రఫీ తోక 9లాగా కిందికి వంగాలని బోర్డు మీద గీసి మరీ చూపించాడు. ఎంత సంతోషమేసిందో!

ఐడీ కార్డులు సోమవారం ఇస్తాం, ఫీజు రసీదులు ఆఫీసులో తీసుకోండి, బస్సు వేళలు మారలేదు.

ఇక ఇళ్లలో సంగతి. మీ శ్రద్ధకి కృతజ్ఞతలు, కానీ హోంవర్క్ పుస్తకాల్లో పెద్దవాళ్ల చేతిరాత కనిపిస్తోంది, దయచేసి పిల్లలనే రాయనివ్వండి, తప్పు రాసినా ఫర్వాలేదు. పిల్లల ముందు ‘మీ టీచర్‌కే రాదు’ అనకండి, ఆ మాట మర్నాడు పొద్దున్నే క్లాసులోకి వచ్చేస్తోంది. సందేహం ఉంటే శనివారం మీటింగ్‌కి జవాబు పత్రంతో రండి, టీచరూ నేనూ ఉంటాం, కూర్చుని మాట్లాడుకుందాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు