శుక్లాల ఆపరేషన్: కోత కొలత చీటీలో రాయాలి

సంపాదకుడు గారికి,

శుక్లాల ఆపరేషన్ల ప్రచార బోర్డులన్నీ ‘కుట్టు లేదు, నొప్పి లేదు’ అంటాయి గానీ, కంటిపై కోత ఎంత పొడవున, ఏ వైపు పెడతారో ఒక్కటీ చెప్పదు. లోపల అమర్చే లెన్స్ పవర్ లెక్క సరిగ్గా కుదిరినా, కోత వల్ల కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) వంపు మారితే చూపు మసకగానే మిగులుతుంది. కోత ఏ వైపు పడితే ఆ వైపు దిశలో కార్నియా కాస్త చదునై, దానికి అడ్డంగా ఉన్న దిశలో వంపు పెరుగుతుంది. అద్దాల చీటీలో సిలిండర్ పవర్‌గా కనిపించే ఆస్టిగ్మాటిజం, అంటే అన్ని దిశల్లో వంపు సమానంగా లేక చూపు మసకబారే లోపం, ఇలాగే పుడుతుంది.

పాత పద్ధతిలో 10 నుంచి 12 మిల్లీమీటర్ల కోత పెట్టి కుట్లు వేసేవారు కాబట్టి రెండు మూడు డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) సిలిండర్ మిగలడం అరుదేమీ కాదు. తెల్లగుడ్డులో సొరంగంలా 6, 7 మిల్లీమీటర్ల దారి తీసి కుట్టు లేకుండా చేసే ఎస్ఐసీఎస్ (చిన్న కోత శుక్లాల ఆపరేషన్) పద్ధతిలో అది సుమారు ఒకటి, ఒకటిన్నర డయాప్టర్లకు తగ్గింది. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో నలగగొట్టి పీల్చేసే ఫేకో పద్ధతిలో కోత 3 మిల్లీమీటర్ల లోపే కనుక, సాధారణంగా అర డయాప్టర్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అయితే ఫేకో చేసి కూడా మడతపడని గట్టి లెన్స్ పెడితే, దాని వెడల్పుకు తగ్గట్టు కోతను పెంచక తప్పదు. చిన్న కోత లాభం అక్కడితో పోయినట్టే.

ఎస్ఐసీఎస్‌ను చిన్నచూపు చూడమని నా ఉద్దేశం కాదు. ఖరీదైన యంత్రం అక్కర్లేకుండా, బాగా ముదిరి గట్టిపడిన శుక్లాలను సైతం తక్కువ ఖర్చుతో తీయగల ఆ పద్ధతి లేకపోతే మన పల్లెల్లో ఎందరో ముసలివారికి చూపే ఉండేది కాదు. కోత పొడవుతో పాటు, అది పడే చోటు కూడా ముఖ్యమే. కార్నియా నిలువు కంటే అడ్డంగా వెడల్పు కాబట్టి, కణత వైపు పెట్టిన కోత కంటి మధ్యభాగానికి దూరంగా ఉండి తక్కువ మార్పు తెస్తుంది. పైగా వయసు పెరిగేకొద్దీ చాలామందిలో అడ్డ దిశలో వంపు ఎక్కువవుతుంది. కణత కోత దాన్ని తగ్గిస్తే, పైన పెట్టిన కోత మరింత పెంచుతుంది.

అందువల్ల ప్రభుత్వ శిబిరాల్లోనూ, ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ ఆపరేషన్‌కు ముందు కార్నియా వంపు కొలత, తర్వాత కోత పొడవు, అది పెట్టిన వైపు డిశ్చార్జ్ చీటీలో తప్పనిసరిగా రాయాలి. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేసి, సిలిండర్ పవర్‌తో అద్దాలు ఉచితంగా ఇవ్వడం కూడా ఆపరేషన్ ఖర్చులోనే భాగం కావాలి. శిబిరాల్లో పంచే రెడీమేడ్ కళ్లజోళ్లలో సిలిండర్ ఉండదు. 2018లో తెలంగాణలో మొదలైన ‘కంటి వెలుగు’లో ఎవరి చీటీ ప్రకారం వారికి అద్దాలు చేయించి ఇచ్చిన అనుభవం ప్రభుత్వానికి ఉన్నదే కనుక, ఇది చేయలేని పనేమీ కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఖమ్మం