కెమెరా టైమ్ ఒకసారి చూస్కోండి

ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే ఈవెంట్ షూట్ చేసేవాళ్ళకి ఈ మాట. మొన్న నేనూ మా వాడూ రెండు కెమెరాలతో వెళ్ళాం, తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే వాడి కెమెరా టైమ్ 47 నిమిషాలు వెనక ఉంది, లైట్‌రూమ్‌లో (ఫోటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) టైమ్ ఆర్డర్‌లో పెడితే స్టేజ్ దిగి వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ మెట్లెక్కుతున్నాడు 😂 ఎడిట్ క్యాప్చర్ టైమ్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, వాడి ఫోటోలన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి జరిపేశా కాబట్టి బతికిపోయా. ఇప్పుడైతే మొదలుపెట్టేముందే ఒకే ఫోన్‌లో సెకన్లతో సహా కనిపించే గడియారాన్ని రెండు కెమెరాలతో చెరో ఫోటో తీసి పెట్టుకుంటున్నాం, ఎంత తేడా ఉందో తర్వాత చూస్తే తెలిసిపోద్ది.

ఇంకోటి, ఎల్‌ఈడీ లైట్ల కింద షట్టర్ స్పీడ్ 1/1000 సెకను లాంటిది పెడితే కొన్నిసార్లు ఫోటోలో అడ్డంగా నల్ల చారలొస్తాయి, వెనక స్క్రీన్‌లో చిన్నగా చూస్తే కనపడవు, జూమ్ చేసి చూడండి, వస్తుంటే 1/100కో ఇంకా కిందికో దించండి, కెమెరాలో యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకు ఫోటోలో పడకుండా చూసే సెట్టింగ్) ఉంటే ఆన్ చేస్కోండి.

మెమరీ కార్డ్ మాత్రం, ఫోటోలు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఫార్మాట్ కొట్టకండి బాబూ, కొట్టేది కూడా కెమెరాలోనే.