ఆ మూడు చుక్కలు

హైదరాబాద్,
ఆదివారం.

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది, ఇల్లు మారలేదు, నేను లావయ్యాను. ఇక అసలు సంగతి విను.

ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ యాప్ చేస్తున్నామన్నానా? ఫిగ్మాలో, అంటే యాప్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో, స్క్రీన్లు గీసింది నేనే. కింద పక్కపక్కనే రెండు బటన్లు, ‘కన్ఫర్మ్’, ‘క్యాన్సిల్’. ముచ్చటగా కుదిరాయి. పక్కన ఒక్క ముక్క రాయలేదు. ‘పటము గీసి భాగములు గుర్తింపుము’ అంటే మనిద్దరం కప్ప గుండె వేసి బాణాలు ఎగ్గొట్టాం చూడు, అచ్చం అలాగే. మేడం ఏమందో నువ్వే తలుచుకో, నేను రాయను.

తర్వాత తెలుగు పెట్టమన్నారు. ‘అపాయింట్‌మెంట్ ఖాయం చేయండి’, ‘అపాయింట్‌మెంట్ రద్దు చేయండి’ అని మాటలు వచ్చాయి. అవి బటన్‌లో పట్టకపోతే ఏం చేయాలో నేను చెప్పలేదు. కోడ్ రాసే కుర్రాడు తోక కోసి మూడు చుక్కలు పెట్టాడు. డెమోకి క్లినిక్ ఆయన వాళ్ళ నాన్నగారిని వెంటబెట్టుకొచ్చాడు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చూస్తే రెండు బటన్ల మీదా ఒకటే: ‘అపాయింట్‌మెంట్...’.

“ఏ అపాయింట్‌మెంట్ నొక్కమంటావు బాబూ?”

ఎవరూ మాట్లాడలేదు. ఆయనే ఒకటి నొక్కారు. రద్దయింది. రద్దయిందని చెప్పే స్క్రీన్ నేను గీస్తేగా! తెల్లగా ఉండిపోయింది. “అయితే రేపు రావచ్చన్నమాట” అన్నారాయన సంతోషంగా.

నవ్వకు. మీటింగ్‌లో కుర్రాడిని దులిపేశారు. “డిజైన్‌లో ఉన్నట్టే చేశాను సార్” అన్నాడు. నిజమే. నేను నోరు మెదపలేదురా. అది మాత్రం... సరే, వదిలెయ్. మర్నాడు రాయదుర్గం మెట్రో దగ్గర చాయ్ ఇప్పించి ఒప్పేసుకున్నాను. “పర్లేదన్నా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు స్క్రీన్లన్నీ ప్రింట్ తీసి బాణాలు గీస్తున్నాను. బటన్ మీద తెలుగు మాట ఏంటి, రెండో లైనుకి దిగొచ్చా, నొక్కితే ఎటు పోవాలి, నెట్ లేకపోతే ఏం కనపడాలి, బుకింగులేవీ లేకపోతే ఏం చూపించాలి. బటన్ ఎత్తు 48 డీపీకి (డీపీ అంటే ఫోన్ తెర మీద కొలతలే) తగ్గకూడదు, ఆండ్రాయిడ్ లెక్క అదే. కింద వత్తులకి చోటు వదలాలి, లేకపోతే ‘రద్దు’ కాస్తా ‘రదు’ అవుతుంది. ఒక్క స్క్రీన్‌కే 19 బాణాలు తేలాయి! కుర్రాడొచ్చి ఇరవయ్యోది గీశాడు: “కన్ఫర్మ్ రెండుసార్లు నొక్కితే అన్నా?”

దానికి ఇంకా జవాబు రాయలేదు. రెండో నొక్కు పట్టించుకోకూడదు అనుకో, కానీ అప్పటికి బటన్ ఎలా కనపడాలి... అరే, నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, హారన్ మోగిస్తున్నాడు. ఉంటాను.

నీ
కప్ప గుండె