మామ త్రిఫ్టు పైసలు

చండూరు,
ఆదివారం

బిడ్డా,

హాస్టల్‌లో రాత్రి భోజనం మానేసి పైసలు మిగిలిస్తున్నావని నీ చెల్లె చెప్పింది. ఫోన్‌లో కోప్పడితే "థ్రిఫ్ట్ అమ్మా, థ్రిఫ్ట్!" అని, పొదుపేలే అన్నట్టు నవ్వేశావు. మాటల్లో నీతో గెలవలేనని రాస్తున్నా. ఇంగ్లీషు టీచరు బిడ్డవి కదా, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలైనా తెలుసుకొని కడుపు మాడ్చుకో.

గివ్ నుంచి గిఫ్ట్, డ్రైవ్ నుంచి డ్రిఫ్ట్ వచ్చినట్టే థ్రైవ్ నుంచి థ్రిఫ్ట్. థ్రైవ్ అంటే ఏపుగా ఎదగడం, వర్ధిల్లడం. రెండూ పాత నార్స్ మాటలే. ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చి అక్కడే కాపురాలు పెట్టిన వైకింగుల భాష అది. వాళ్ల మూలధాతువుకు గట్టిగా పట్టుకోవడం అని అర్థం. 1300 ప్రాంతంలో ఇంగ్లీషువాళ్లు థ్రిఫ్ట్ అంటే కలిమి, బాగుపడటం అనే అనుకునేవాళ్లు. ఖర్చు తగ్గించుకోవడం అనే అర్థం 16వ శతాబ్దానికి గాని స్థిరపడలేదు.

షేక్‌స్పియర్ దగ్గర రెండు అర్థాలూ దొరుకుతాయి. 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో వడ్డీ వ్యాపారి షైలాక్ తన రాబడిని థ్రిఫ్ట్ అంటాడు. తన న్యాయమైన సంపాదనను వర్తకుడు ఆంటోనియో వడ్డీ అని ఈసడిస్తున్నాడని అతని కడుపుమంట. హామ్లెట్ సంగతి వేరు. తండ్రి పోయి ఎన్నాళ్లో కాకముందే తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. "థ్రిఫ్ట్, థ్రిఫ్ట్, హొరేషియో" అంటాడు తన నేస్తంతో. చావుకు వండినవే చల్లారాక పెళ్లి బల్ల మీదికి వచ్చాయని ఎత్తిపొడుపు. ఆ నాటకంలో అంతకన్నా చేదు నవ్వు నాకు కనబడలేదు.

స్పెండ్‌థ్రిఫ్ట్ దగ్గర మా పదో తరగతి పిల్లలు ఏటా తికమక పడతారు. థ్రిఫ్ట్ పొదుపైతే దుబారా మనిషికి ఆ పేరేంది టీచర్ అంటారు. అందులో ఉన్నది పాత థ్రిఫ్టే, కూడబెట్టిన కలిమి. దాన్ని కరగబెట్టేవాడు స్పెండ్‌థ్రిఫ్ట్. ఇంకో ముచ్చట, బ్రిటన్‌లో సముద్రపు ఒడ్డు రాళ్ల సందుల్లో గులాబీ రంగు పూలు పూసే మొక్క పేరు కూడా థ్రిఫ్టే. 1937లో పన్నెండు అంచుల మూడు పెన్నీల బిళ్ల మీద ఆ మొక్కనే అచ్చువేశారు.

ఇక మగ్గం నేసే గట్టుప్పల్ మామ. ఆయనకు షేక్‌స్పియర్ తెలియదు గాని ఆ మాట నీకన్నా ముందు నుంచే వాడుతున్నాడు. 2017 జూన్‌లో పోచంపల్లిలో మొదలుపెట్టిన 'నేతన్నకు చేయూత' పొదుపు పథకం మనవాళ్ల నోట్లో 'త్రిఫ్టు' అయింది. మగ్గం మీద వచ్చే కూలిలో నేతన్న 8 శాతం కడితే సర్కారు 16 శాతం కలిపేది. పదివేలు వస్తే తనవి 800, సర్కారువి 1600. అప్పట్లో మూడేళ్ల దాకా ముట్టుకోవడానికి వీల్లేదు. కట్టే రోజు అత్త ముఖం చిన్నబోయేది. అయినా ఆ ఎనిమిది వందల కోసం ఆ ఇంట్లో ఎవరూ పస్తు పడుకోలేదు. బయట ఇచ్చి చేయించే చిటికి పనిని (అద్దకానికి ముందు పోగులకు ముడులేయడం) రాత్రిళ్లు ఇద్దరూ కూర్చొని తామే కట్టుకునేవాళ్లు. చట్రానికి బిగించిన పోగుల మీద గుర్తు చూసుకుంటూ, రంగు అంటకుండా సైకిల్ ట్యూబు పట్టీ చుట్టి ముడేయాలి. అద్దకం అయ్యాక విప్పిన పట్టీల్లో సాగే గుణం ఉన్నవి అత్త ఏరి హార్లిక్స్ సీసాలో వేసుకుంటుంది, నువ్వు చూసే ఉంటావు.

కరోనాలో చీరలు కొనే దిక్కులేక మగ్గాలు ఆగినప్పుడు గడువు తీరకముందే తీసుకోనిచ్చారు. కొంత బియ్యానికి, పప్పుకు పోయింది. మిగతాది మామ కదపలేదు. బజారు తెరిచాక పట్టు నూలు కొని, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర కూలికి కాకుండా ఒక వార్పు (పడుగు) సొంతంగా నేశాడు. ఇప్పుడు ఏడాదిలో సగం నేత సొంతమే. వైకింగులు వచ్చి చూస్తే దాన్నే థ్రిఫ్ట్ అంటారు.

నీ పైసలతో ఏం చేద్దామనుకున్నావో మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ల్యాప్‌టాప్ కోసమైతే చెప్పు, నేనూ మీ నాయినా నెలనెలా కొంత వేస్తాం. నువ్వూ వెయ్యి, అన్నంలోంచి తీసి కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో థ్రిఫ్ట్ షాపులంటూ అమ్మే పాత బట్టలు కొన్నా నాకు అభ్యంతరం లేదు, వేడినీళ్లలో ఉతికి తొడుక్కో. మొన్నటి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చిన పిల్ల రాత్రిపూట బిస్కట్లు తిని పడుకుంటానంటే మాత్రం ఒప్పుకోను.

రేపే మెస్‌లో పేరు మళ్లీ రాయించి, రసీదు ఫొటో పెట్టు. శుక్రవారం మామ హైదరాబాదు వస్తున్నాడు, సకినాలూ నువ్వుల ముద్దలూ పంపిస్తున్నా. రూములో పంచిపెట్టు, ముందు నీ వాటా తీసి పక్కన పెట్టుకొని.

అమ్మ