సరైన కొలత లేకుండా చిట్కా వేయకండి

సంపాదకుల వారికి,

వానలు మొదలయ్యాయంటే చాలు, 'నీళ్లలో నాలుగు చుక్కల లవంగ నూనె వేసి చల్లండి, చీమలూ బొద్దింకలూ పరార్' అన్న చిట్కా పత్రికల్లో కనబడుతుంది. ఏ నూనె, ఎంత, ఎక్కడ చల్లకూడదు అన్నవి కూడా పక్కనే అచ్చు వేయాలని మా మనవి.

సుగంధ తైలం నీళ్లలో కలవదు. నిమ్మగడ్డి, నీలగిరి తైలాలు పైకి తేలతాయి. లవంగ నూనె నీటికన్నా బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. స్ప్రే సీసా గొట్టం అడుగు నుంచే లాగుతుంది కదా, లవంగ నూనె వేస్తే మొదటి పిచికారీలోనే చిక్కటి నూనె వచ్చి చేతికి తగిలి మండుతుంది. నిమ్మగడ్డి నూనె వేస్తే చివరిదాకా వచ్చేది ఉత్త నీళ్లే.

సరిగ్గా కలపాలంటే పొడి గాజు గ్లాసులో 2 మి.లీ. నూనె, ఒక టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ వేసి ముందు ఆ రెండింటినే బాగా కలపాలి. ఆ తర్వాత 200 మి.లీ. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. పలచని మజ్జిగలా తెల్లబడితే కలిసినట్టే. పైన నూనె కళ్లు మెరుస్తుంటే లిక్విడ్ చాలలేదని అర్థం. చుక్కల లెక్క నమ్మవద్దు, సీసా మూతిని బట్టి చుక్క మారిపోతుంది. సిరంజితో కొలవండి, ఆ సిరంజిని మళ్లీ పిల్లల మందుకు వాడకండి. వారానికి సరిపడా మాత్రమే కలుపుకుని, చల్లిన ప్రతిసారీ ఊపాలి.

చీమలకు ఇది బాగా పనిచేస్తుంది. అయితే ముందు సబ్బునీళ్ల గుడ్డతో వాటి బారు నడిచిన దారంతా తుడవాలి. దారి చూపే వాసన అక్కడే ఉంటుంది. ఆపైన గోడ పగులు దగ్గర చల్లాలి. బొద్దింకల సంగతి వేరు. మీద పడ్డ బొద్దింక చచ్చిందంటే ఆ ఘనత చాలావరకు సబ్బుది, ఒంటి పక్కల ఉండే గాలి రంధ్రాలను అది మూసేస్తుంది. వంటింటి చిన్న బొద్దింక గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి, ఈ వాసన వాటిని ఏమీ చేయదు. బొద్దింకలకు ఎర జెల్ పెట్టినవారు ఆ చుట్టుపక్కల నూనె అసలు చల్లకూడదు. వాసనకు బెదిరి అవి జెల్ దగ్గరికే రావు, డబ్బు దండగ. చీమలకు పెట్టే బోరిక్ పౌడర్ పంచదార ఎరకూ ఇదే వర్తిస్తుంది.

దోమలకు సిట్రొనెల్లా (నిమ్మగడ్డి జాతి గడ్డి నుంచి తీసే నూనె) పూత గంట, రెండు గంటలకు మించి ఆగదు. డెంగీ దోమ పగలే కుడుతుంది, కాబట్టి వారానికోసారి కూలర్, పూలకుండీ పళ్లెం, డ్రమ్ము ఖాళీ చేసి తోమడమే అసలు పని.

అన్నిటికన్నా మమ్మల్ని భయపెట్టేది అయిపోయిన మస్కిటో లిక్విడ్ సీసాలో కర్పూరం, వేపనూనె నింపి ప్లగ్గులో పెట్టడం. వేపనూనె సుగంధ తైలం కాదు, ఆవిరై పోదు. వత్తికి జిగురులా పట్టి మాడి పొగ వదులుతుంది. కర్పూరం ఇట్టే అంటుకునే పదార్థం. మూసిన పడకగదిలో, ఉయ్యాల పక్కన రాత్రంతా వెలిగే యంత్రంలో ఇది పెట్టడం తగదు. పిల్లిని పెంచే ఇంట్లో ఏ తైలమూ చల్లవద్దు, దాని కాలేయం వీటిని అరిగించుకోలేదు.

నీలగిరి తైలమో కర్పూరమో పసిపిల్లలు కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. వాంతి చేయించకుండా, ఆ సీసా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

– కీటకశాస్త్ర అధ్యాపకులు, బాపట్ల