మా వీధి మూల పబ్ గురించి కౌన్సిల్ ప్లానింగ్ ఆఫీసర్ గారికి బహిరంగ లేఖ

ఆఫీసర్ గారూ,

లండన్‌లో మా వీధి మూలనున్న పాత పబ్‌ లోపలంతా పీకేసి కొత్తగా చేస్తారట. నేను తాగను లెండి, లెమనేడ్‌తోనే గంటలు గడిపేస్తాను. కానీ కౌంటర్ మీద మొహం ఎత్తులో పువ్వులు చెక్కిన చిన్న గాజు తలుపులున్నాయే, విక్టోరియా కాలంలో తాగేవాళ్ల ముఖాలు కౌంటర్ అవతలివాళ్లకు కనపడకూడదని పెట్టినవి, ఒకదాన్ని వేలితో తోస్తే ఇప్పటికీ కిర్రుమని తిరుగుతుంది. లిస్టింగ్ లేని, అంటే చారిత్రక కట్టడాల రక్షణ జాబితాలో లేని భవనంలో లోపలి మార్పులకు సాధారణంగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు, అదే నా టెన్షన్. 2015లో అనుమతి లేకుండా కూల్చేసిన లండన్ పబ్ కార్ల్‌టన్ టావెర్న్‌ను మళ్లీ కట్టించారు, 2021లో తెరిచారు. పాత వివరాలు రికార్డై ఉండబట్టి అది కుదిరింది. ఇక్కడ ఎవరైనా కనీసం ఫొటోలైనా తీశారా? పనివాళ్లు దిగకముందే ఒక్కసారి వచ్చి చూడండి, లిస్టింగ్‌కు సిఫార్సు చేయండి. లెమనేడ్ నా ఖర్చే.