డోర్నకల్ బిషప్పుకు చోటేది?

సంపాదకులకు,

క్రిస్మస్ వచ్చిందంటే పత్రికలన్నీ భారీ ప్రార్థన సభలు, కేకులు, రంగు దీపాల ఫొటోలతో నిండిపోతాయి. విశ్వాసులకు ఏళ్ల తరబడి ఓపికగా బోధించిన కాపరులకు మాత్రం ఓ మూల కూడా దక్కదు.

వి.ఎస్. అజరయ్య సంగతే తీసుకోండి. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండు చర్చి పరంపరలో) తొలి భారతీయ బిషప్పు అయ్యారు. బాప్తిస్మాల లెక్క రాసుకుని ఊరుకునే మనిషి కాదాయన. కొత్త విశ్వాసి చేతిని అతని తలమీదే పెట్టించి, ‘అయ్యో, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అన్న బైబిలు మాట పలికించేవారు. వాళ్లలో ఎక్కువమంది చదువుకు నోచుకోని మాల, మాదిగ కూలీలని గుర్తుంచుకోవాలి. పల్లె ఉపదేశకులకు శిక్షణ ఇస్తూ, వారి భార్యలకూ చదువు చెప్పించారు. ఆ రోజుల్లో అది చిన్న విషయమా! 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో (బిషప్పు ప్రధాన చర్చిలో) గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒకే కప్పు కింద కలిశాయి.

ఈనాటి సంఘ పెద్దల్లో కొందరికి వేదిక మీదున్న శ్రద్ధ వారం వారం బోధన మీద లేదు. వారిని విమర్శించడం నా పని కాదు కానీ, మీ విలేకరి ఒకరు ఈసారి డోర్నకల్ రైలెక్కవచ్చు. ఆ ఉపదేశకుల వారసులను కలిసి, వాళ్ల ఇళ్లలో మిగిలిన జ్ఞాపకాలను ఓ పూర్తి పేజీలో అచ్చువేయండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం